హాట్ ప్యాక్‌లో కెమెరా, సుపీరియర్ సరస్సు మీద పొగ

సుపీరియర్ సరస్సు మీద పొగ లేస్తుందని నాకూ నా రూమ్మేట్ జోసఫ్‌కీ తెలిసింది ఒక మంగలి షాపులో. మిన్నెసోటాలో ఎమ్మెస్ చదువుతున్న రోజులవి. మేం జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళే షాపు గోడ మీద ఒక పాత ఫోటో ఉండేది. నీళ్ళ మీంచి తెల్లటి ఆవిరి స్తంభాల్లా లేస్తుంటే, వాటి వెనక సూర్యుడు ఎర్రగా పైకొస్తుంటాడు. సరస్సు గడ్డకట్టక ముందు, గాలి మాత్రం నీళ్ళకన్నా బాగా చల్లబడిపోయిన పొద్దున్న అలా అవుతుందట. దానికి మైనస్ ఇరవై ఫారన్‌హీట్ దాకా దిగాలి. ఆ ఫోటో మనమూ తీయాలన్నాడు జో. నేను సరేనన్నాను. ఇద్దరం డబ్బులు వేసుకుని ఒక తాకట్టు షాపులో పాత ఫిల్మ్ కెమెరా కొన్నాం. బ్యాటరీ చచ్చిపోయినా పనిచేసే రకం. మా పక్క గదుల వాళ్ళు కార్లు కొనుక్కుంటుంటే మేం రీళ్ళు కొనుక్కునేవాళ్ళం.

మూడు చలికాలాలు వెళ్ళాం. మొదటిసారి మైనస్ అయిదే ఉంది. ఇంకా చలి పెట్టడం లేదని దేవుణ్ణి తిట్టుకున్న తెలుగువాళ్ళు మేమిద్దరమే అయ్యుంటాం. రెండోసారీ అంతే. మూడోసారి చలి సరిపోయింది గానీ మబ్బు పట్టి సూర్యుడే రాలేదు. ఆ తర్వాత ఉద్యోగాలొచ్చాయి. జో హెర్న్‌డన్ అనే ఊరు వెళ్ళాడు, నేను న్యూజెర్సీలోని ఎడిసన్ చేరాను. సామాను పంచుకున్నప్పుడు రైస్ కుక్కరు వాడికి, కెమెరా నాకు వచ్చాయి. తర్వాత వాడికి పెళ్ళయింది, ఇల్లు కొన్నాడు, పాప పుట్టింది. మా ఫోన్లు వారానికొకటి నుంచి పండగకొకటికి వచ్చాయి. గొడవేమీ లేదు. గొడవ ఉంటే సర్దుకోవడానికైనా ఒక పని ఉండేది.

2014 జనవరిలో మిన్నెసోటా వైపు భయంకరమైన చలి దిగబోతోందని వార్తలు మొదలయ్యాయి. అందరూ అటు ప్రయాణాలు మానుకోమంటున్నారు. నేను టికెట్లు చూశాను. కారణం ఒక్కటే. నా హెచ్ వన్ వీసా ఆరేళ్ళూ ఆ సెప్టెంబరుతో నిండిపోతాయి, గ్రీన్ కార్డు అప్లికేషన్ అప్పటికే తిరస్కరించారు. అంటే నాకు ఇక్కడ అదే ఆఖరి చలికాలం. ఆ ఫోటో తీస్తే ఇప్పుడు తీయాలి, లేకపోతే లేదు. జోకి మెసేజ్ పెట్టాను, "పొగ లేస్తుందంట, వస్తవా?" అని. "చూద్దాం రా" అని జవాబొచ్చింది. "చూద్దాం" అంటే ఏమిటో మన వాళ్ళెవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఒక్క టికెట్టే బుక్ చేశాను.

వెళ్ళాలనుకునే వాళ్ళ కోసం దారి చెబుతాను. ఎడిసన్ దగ్గరి నెవార్క్ నుంచి మిన్నియాపోలిస్‌కి విమానంలో మూడు గంటల పైచిలుకు. జనవరిలో అటు వెళ్ళేవాళ్ళు తక్కువ కాబట్టి మూడు వందల డాలర్ల లోపే రానూపోనూ టికెట్టు దొరుకుతుంది. అక్కడ కారు అద్దెకు తీసుకుని ఇంటర్‌స్టేట్ 35 మీద ఉత్తరానికి రెండున్నర గంటలు వెళితే డులూత్. అక్కడి నుంచి సరస్సు ఒడ్డునే 61వ నంబరు రోడ్డు. నూటపది మైళ్ళు వెళితే గ్రాండ్ మరై అనే చిన్న ఊరు. మామూలు రోజుల్లో రెండు గంటల ప్రయాణం, మంచులో మూడు గంటలు వేసుకోండి. డులూత్ దాటాక పెట్రోలు బంకు కనిపించినప్పుడల్లా ట్యాంకు నింపుకోండి. సగం ఉంది కదా అని వదిలేయకండి.

కారు ఇచ్చే కౌంటర్లో కుర్రాడు నా లైసెన్సు చూసి, "న్యూజెర్సీ నుంచి ఈ వారం ఇక్కడికొచ్చారా? జనం అటు పారిపోతున్నారు" అన్నాడు. ఫోటోలకని చెప్పాను. డిక్కీలో దుప్పటి ఉందో లేదో చూసుకోమన్నాడు. లేదు. వాడే లోపలి నుంచి ఒకటి తెచ్చిచ్చాడు.

కారులో కూర్చుని తాళం తిప్పి కాసేపు ఆగాను. జో ఎప్పుడు బండి తీసినా ముందు స్టీరింగ్ మీద చేయి వేసి చిన్న ప్రార్థన చేసేవాడు. ప్రయాణం చల్లగా జరగాలని, ఇంటికి క్షేమంగా చేర్చమని. నేను గుడికెళ్ళే మనిషినైనా వాడి ప్రార్థన అయ్యేదాకా కళ్ళు మూసుకుని కూర్చునేవాణ్ణి. ఆమెన్ అన్నాకే బండి కదిలేది. ఈసారి ఆమెన్ అనేవాడు లేడు. ఎంతసేపు ఆగాలో తెలియక గేరు వేశాను.

డులూత్ దాకా రోడ్డు బాగానే ఉంది. ఆ తర్వాత ఎడమపక్క అడవి, కుడిపక్క సరస్సు. సరస్సు అంటాం గానీ అవతలి గట్టు కనిపించదు. బాపట్లలో సముద్రం పక్కన పెరిగిన జో దాన్ని మొదటిసారి చూసి, ఉప్పు వేయడం మర్చిపోయిన సముద్రం అన్నాడు. పక్క సీట్లో నా బ్యాగు, దాని మీద నా మంకీ క్యాప్. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాగు ముందుకి జరుగుతుంటే చేత్తో ఆపాను. కొంతదూరం పోయాక దానికి సీటు బెల్టు పెట్టాను.

మోటెల్ గదికి డెబ్బై డాలర్లు. నడిపేది అరవై దాటిన ఒక ఆవిడ. నా పేరు రాసుకుంటూ, "రేపు పొద్దున్నకి మైనస్ ఇరవై ఆరు అంటున్నారు. ఒక్కరేనా?" అని అడిగింది. ఒక్కణ్ణేనన్నాను. "అయితే హీటర్ దగ్గరున్న గది ఇస్తాను" అంది. ఇద్దరికైతే ఏ గది ఇచ్చేదో అడగాలనిపించి ఊరుకున్నాను.

ఇక నేను చేసిన ఘనకార్యానికి వద్దాం. ఎడిసన్‌లో బయల్దేరేముందు హాట్ ప్యాక్‌లో పులిహోర పెట్టుకొచ్చాను. లోపల స్టీలు, పైన ఎర్ర ప్లాస్టిక్కు, గట్టిగా బిగిసే మూత. మన ఇళ్ళలో పెళ్ళికొకటి, గృహప్రవేశానికొకటి వచ్చి పడుతుందే, అదే. గదిలో ఆ పులిహోర తినేసి, గిన్నె కడిగి తుడిచి పెట్టాను. కెమెరాని ఎక్కడ ఉంచాలన్నది సమస్య. జో ఉన్నప్పుడు రాత్రంతా దాన్ని కారు డిక్కీలోనే వదిలేసేవాడు, బ్యాటరీ ఒక్కటే తీసి బనీను జేబులో వేసుకునేవాడు. నేను దాన్ని వాడి బద్ధకం అనుకునేవాణ్ణి. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ చలిలో దాన్ని ఒంటరిగా బయట వదిలేయడం నాకు మనసొప్పలేదు. హాట్ ప్యాక్ ఖాళీగా కనిపించింది. అన్నాన్ని వేడిగా ఉంచేది కెమెరాని ఉంచదా? రీలు వేసిన కెమెరాని చిన్న తువ్వాల్లో చుట్టి, చేతులు వెచ్చబెట్టుకునే పొట్లాలు రెండు చింపి పక్కన పెట్టి, మూత బిగించాను. నా తెలివికి నేనే మురిసిపోయి పడుకున్నాను.

పొద్దున్న ఏడింటికి బయట కాలుపెడితే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయి. ఊరి రేవులో సరస్సులోకి పొడుగ్గా కట్టిన కాంక్రీటు గోడ ఉంది, దాని చివర చిన్న లైట్‌హౌస్. అక్కడికి నడవాలి. గోడ మీద మంచు పలకలు కట్టి ఉంటుంది కాబట్టి బూట్లకి ఇనుప పళ్ళ పట్టీలు తప్పనిసరి. ఒక చేతిలో ట్రైపాడ్, చంకలో హాట్ ప్యాక్ పెట్టుకుని పాకినట్టు నడిచాను. ఎవరైనా చూస్తే సరస్సుకి సారె తీసుకెళుతున్నాననుకునేవాళ్ళు. చూడటానికి ఎవరూ లేరు.

తల ఎత్తేసరికి పొగ లేస్తోంది. మంగలి షాపు ఫోటోలో ఉన్నది చాలా తక్కువ. నీళ్ళు నల్లగా ఉన్నాయి, వాటి మీద ఎంత దూరం చూస్తే అంత దూరం ఆవిరి మనిషెత్తు, తాటిచెట్టెత్తు లేచి నెమ్మదిగా నడిచిపోతోంది. చప్పుడు లేదు. ఇన్నేళ్ళు ఎదురుచూసింది కళ్ళ ముందుంటే నాకు సంతోషం కన్నా ముందు దిగులు ముంచుకొచ్చింది. పక్కకి తిరిగి ఎవరి భుజమో పట్టుకుని ఊపాలనిపించింది.

మూత తీశాను. బుస్సుమని ఆవిరి వచ్చింది. కడిగిన గిన్నెలో మిగిలిన తడి, ఆ పొట్లాల వేడి కలిసి రాత్రంతా కెమెరాకి ఆవిరి పట్టాయి. చేతిలోకి తీసుకున్నంతలో అది నా కళ్ళ ముందే తెల్లగా మారిపోయింది. లెన్స్ మీద మంచు, కన్ను పెట్టి చూసే చోట మంచు. గ్లవ్‌తో రుద్దితే ఇంకా అంటుకుంది. లోపలికి చూస్తే పాలగ్లాసు అడుగు చూసినట్టుంది. సూర్యుడు రావడానికి ఇంకో పావుగంట. గదికి తీసుకెళ్ళి ఆరబెట్టాలంటే గంటలు పడుతుంది. ఈ పొగ, ఈ చలికాలం రెండూ అయిపోతాయి. నాకు ఏడుపొచ్చింది. ఆ చలిలో ఏడవడం కూడా మంచిది కాదు, రెప్పలు అంటుకుంటాయి.

లోపలి జేబులోంచి ఫోన్ తీసి, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, మంకీ క్యాప్ మళ్ళీ కిందికి లాగి జోకి కాల్ చేసి, ఫోన్‌ని కోటు పై జేబులో వేసుకున్నాను. ఆదివారం కదా, వాళ్ళ తెలుగు చర్చి ఒక స్కూల్ హాల్లో పెడతారు. వాడు ముందే వెళ్ళి కుర్చీలు వేస్తాడు.

"ఏంట్రా ఇంత పొద్దున్నే?" అన్నాడు. వెనక కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు.

"జో, పొగ లేసింది రా."

కుర్చీల చప్పుడు ఆగిపోయింది. "వెళ్ళావా? ఎంత ఉంది?"

"మైనస్ ఇరవై ఆరు. కానీ కెమెరా మొత్తం మంచు పట్టింది. ఏం కనవడ్తలేదు."

"డిక్కీలో పెట్టలేదా?"

"లేదు రా. హాట్ ప్యాక్‌ల పెట్టిన."

"పులిహోర హాట్ ప్యాక్‌లోనా?"

"కడిగినా రా."

"కడిగితే మరీ దరిద్రం కదరా. అదేవన్నా ఇడ్లీనా, ఆవిరి మీద పెట్టడానికి? చల్లటి కెమెరాకి మంచు పట్టదు, అందుకే కదా డిక్కీలో పడేసేది" అన్నాడు. నవ్వుతున్నాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. "సరే విను. బ్రష్షు ఉందా? లెన్స్ ఊడదీసి వెనకా ముందూ బ్రష్షుతో దులుపు. రుద్దకు. ఊపిరి తగలనీకు. లోపలి మిర్రర్ జోలికి అసలు పోకు."

"గట్లయితే చూసుడు ఎట్ల? ఏం కనవడదు గద."

"నీకెందుకు కనపడటం? రీలుకి కనపడితే చాలు. ఫోకస్ చివరికంటా తిప్పేసి పెట్టు. మామూలు కళ్ళతో చూసి కెమెరా అటు తిప్పు, కొట్టు. ఏం కనిపిస్తోందో నాకు చెప్తూ ఉండు, ఎక్కడ పెట్టాలో నేను చెప్తా."

అలా మొదలుపెట్టాం. వేళ్ళు మొద్దుబారుతుంటే పలచటి గ్లవ్స్‌తో లెన్స్ తీసి దులిపి మళ్ళీ బిగించాను. వెలుతురు కొలిచే మీటరు పనిచేయడం లేదంటే వాడే అంకెలు చెప్పాడు. ప్రతి ఫోటోకీ రీలు నెమ్మదిగా తిప్పమన్నాడు, చలికి పెళుసెక్కి తెగిపోతుందని. ఎడమపక్క ఏముందో చెప్పాను. కొంచెం కిందికి దించమన్నాడు. మధ్యలో వాళ్ళ పాప గొంతు వినిపించింది, "డాడీ, అంకుల్ ఎక్కడ ఉంది?" అని. "అంకుల్ పొగ దగ్గర ఉన్నాడమ్మా" అన్నాడు. "కోల్డ్ ఉందా అంకుల్?" అని నన్నే అడిగింది. ఉందమ్మా అన్నాను. పాప ఇంగ్లీషులో ఏదో చెప్పి వెళ్ళిపోయింది.

సూర్యుడు పైకొచ్చాడు. పొగ అంతా ఒక్కసారి రంగు తిరిగింది. నాకు మాటలు ఆగలేదు. మామూలుగా ఆఫీసులో రోజంతా కలిపి పది మాటలు మాట్లాడే మనిషిని. ఆ గోడ మీద నిలబడి, ఇదిగో రా జో, అటు మొత్తం నారింజ రంగయింది, రెండు పొగలు ఒకదానికొకటి చుట్టుకుని లైట్‌హౌస్ దిక్కు వస్తున్నయి, మన మూడోసారి మబ్బు పట్టినప్పుడు నువ్వు ఇక్కడ్నే కూర్చుని చిప్స్ తిన్నవ్ చూడు, గా రాయి మీద ఇప్పుడు ఎండ పడ్డది, అంటూ ఒకటే చెప్పుకుంటూ పోయాను. సెప్టెంబర్లో మన దేశం పోతున్నానని, పోవడం ఇష్టం లేదని, అక్కడ ఎవరితో ఏం మాట్లాడాలో కూడా మర్చిపోయానని చెప్పాను. వాడు వస్తే బాగుండేదని కూడా చెప్పాను. ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క ఫోటో కొట్టాను.

ఎంతసేపటికో, "కొంచెం కుడికి తిప్పాల్నా?" అని అడిగాను. జవాబు రాలేదు. "వింటున్నవా?" అన్నాను. ఫోన్ తీసి చూస్తే నల్లగా ఉంది. జేబులో సగం పైన చార్జి ఉన్న ఫోన్ ఆ చలికి ఎప్పుడో చచ్చిపోయింది. ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. నా మాటల్లో ఏది వాడికి చేరిందో, ఏది సరస్సుకి చెప్పుకున్నానో తెలియదు. రీలు అయిపోయి లివర్ బిగుసుకుంది. సూర్యుడు పైకి వచ్చేకొద్దీ పొగ పలచబడింది. అంత ఒంటరితనం నాకు ఈ దేశంలో దిగిన మొదటి రాత్రి కూడా అనిపించలేదు.

రేవు పక్కన ఒక చిన్న హోటల్ ఆదివారం కూడా పొద్దున్నే తీస్తారు. గుడ్లు, బంగాళదుంపలు, కాఫీ కలిపి పది డాలర్లు. కెమెరాని జిప్ సంచిలో పెట్టి ఈసారి బుద్ధిగా డిక్కీలో వదిలి లోపలికెళ్ళాను. వంట చేసే పెద్దాయన కిటికీలోంచి రేవు కేసి చూపించి, "ఇందాక గోడ మీద చేతులు ఊపుతూ మాట్లాడింది నువ్వేనా?" అన్నాడు. ఫ్రెండ్‌తో ఫోన్లో అన్నాను. "చాలాసేపు మాట్లాడావు. మంచి ఫ్రెండ్ అయ్యుండాలి" అని కాఫీ మళ్ళీ నింపాడు. అవునన్నాను. చార్జింగ్ పెడితే ఫోన్ లేచింది. రెండు మిస్‌డ్ కాల్స్, ఒక మెసేజ్: "కట్ అయింది రా. ఇక్కడ చర్చి మొదలైపోయింది. జాగ్రత్తగా డ్రైవ్ చెయ్." సోమవారం నా విమానం చలికి రద్దయింది. ఇంకో రెండు రోజులు మిన్నియాపోలిస్‌లో హోటల్ గోడలు చూస్తూ గడిపాను. మీరు వెళ్ళేటప్పుడు సెలవు ఒకటి రెండు రోజులు అదనంగా పెట్టుకోండి.

రీలు పోస్టులో ల్యాబ్‌కి పంపితే రావడానికి రెండు వారాలు పట్టింది. ముప్పై ఆరింట్లో చాలావాటిలో ఆకాశమే ఉంది, కొన్నింట్లో గోడ కాంక్రీటు. మూడు మాత్రం బాగా వచ్చాయి. అందులోనూ ఒకటి, ఆ రెండు పొగలు చుట్టుకున్నది, మంగలి షాపు ఫోటో దాని ముందు నిలబడదు. సరస్సు ఒక పక్కకి ఒరిగి, లైట్‌హౌస్ సగం తెగి ఉన్నా సరే. మూడూ జోకి పంపాను. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

"లైట్‌హౌస్ సగం కోసేశావు కదరా" అన్నాడు ముందు. తర్వాత, "ఈ మూడోది, పొగలు చుట్టుకున్నది, నువ్వు చెప్పలేదేంట్రా?" అన్నాడు.

"చెప్పిన."

"ఎప్పుడు?"

"నువ్వు కట్ అయినంక."

వాడు మెల్లగా, "ఇప్పుడు చెప్పు" అన్నాడు. ఫోటో ఎదురుగా పెట్టుకుని మొదలుపెట్టాను. నారింజ రంగు, ఎండ, రాయి అన్నాను. అక్కడ వచ్చిన మాటలు రాలేదు. సెప్టెంబరు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఎండ, రాయి దగ్గరికే వెళ్ళాను. వాడు అటు నుంచి ఊ కొడుతూనే ఉన్నాడు.

ఆ చలిలో ఫిల్మ్ కెమెరాతో ఎందుకు, డిజిటల్ ఉంది కదా అని ఆఫీసులో అడిగారు. ఏం తీశామో రెండు వారాలదాకా తెలియకపోవడం, అప్పటిదాకా ఆ పొద్దున్న ఇంకా అయిపోనట్టు ఉండటం నాకు ఇష్టం. కావలసిన ఫోటో దొరికింది. దొరికాక కూడా అది ఇద్దరి ఫోటోనే, అయితే అందులో ఒకడు లేడు. ఇది వాడి తప్పు కాదు, నాదీ కాదు. బతుకులు అలా సర్దుకుంటాయంతే. అయినా బాధ బాధే.

వెళ్ళేవాళ్ళకి ఒక్క చిట్కా. తోడు దొరక్క, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ ఫోటోలు తీయాల్సి వస్తే, ముఖ్యమైన మాటలు మొదట్లోనే చెప్పేయండి. ఆ తర్వాత కూడా మధ్యమధ్యలో ఆగి "వింటున్నావా" అని అడగండి. జవాబు వచ్చాకే మిగతాది చెప్పండి.